అచ్చుకు అవతలి చెయ్యి

జగిత్యాల బస్టాండుకు ఎదురుగా, చెప్పుల దుకాణం పైనున్న కోచింగ్ సెంటర్లో శనివారం ఆఖరి క్లాసు దేవేందర్‌ది. బోర్డు మీద ‘రెండో ప్రపంచ యుద్ధం: ముఖ్యమైన మలుపులు’ అని రాసి, కింద నాలుగు పేర్లు వేశాడు. మాస్కో, మిడ్‌వే, ఎల్ అలమీన్, స్టాలిన్‌గ్రాడ్. ఈ పాఠం అతనికి ఎంత అలవాటైపోయిందంటే, గొంతు తన పని తాను చేసుకుపోతుంటే అతను పక్కన ఖాళీగా నిలబడి వింటాడు. ఈ మధ్య అన్ని పనులూ అలాగే ఉన్నాయి. అన్నం తినడం, బట్టలు ఉతకడం, అన్నీ ఎవరో చేస్తుంటే తను చూస్తున్నట్టే.

మిడ్‌వే దగ్గర జపాన్ నౌకలు మూడు కొన్ని నిమిషాల్లో ఎలా అంటుకున్నాయో చెప్పాడు. స్టాలిన్‌గ్రాడ్‌లో ఇక గెలిచినట్టే అనుకుంటున్న జర్మన్ సైన్యాన్ని రష్యన్లు రెండు పక్కల నుంచి వచ్చి కొద్దిరోజుల్లోనే చుట్టేశారని, చుట్టేశాక కూడా లోపలివాళ్లు రెండు నెలలకు పైగా పోరాడుతూనే ఉన్నారని చెప్పాడు. మలుపు ఎక్కడ అని పరీక్షలో అడిగితే వాళ్లు లొంగిపోయిన ఫిబ్రవరి రాయకండి, ఉచ్చు బిగిసిన నవంబరు రాయండి అన్నాడు.

ముందు బెంచీలో కూర్చునే మేడిపల్లి అమ్మాయి మానస లేచింది.

“సార్, మరి లోపలున్నోళ్లకు ఎప్పుడు ఎరుకైంది, ఇగ అయిపోయిందని?”

ఒక్కసారిగా ఎవరికీ తెలియలేదన్నాడు. సెలవు దొరికితే వస్తామని ఇళ్లకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారన్నాడు.

“అంటే ఓడిపోయినంక గూడ మంచిగనే ఉన్నమనుకున్నరు.”

“మన గ్రూప్-టూ లెక్కనే,” అని వెనక నుంచి ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది. దేవేందర్ కూడా నవ్వాడు, ముఖం నవ్వడం అతనికి తెలిసింది.

తర్వాత అక్కడి చలి గురించి చెప్పాడు. మంచులో వేళ్లు మొదట విపరీతంగా నొప్పి పెడతాయి. కాసేపటికి నొప్పి పోతుంది. సిపాయి తగ్గిపోయింది కదా అనుకుంటాడు. అసలు ప్రమాదం అక్కడే. అలాంటి చేతిని వెచ్చటి నీళ్లలో పెడితే నొప్పి మళ్లీ మొదలవుతుంది, మనిషి తట్టుకోలేడు. నొప్పి తిరిగొస్తే ఆ వేలు బతికినట్టు. ఇది పరీక్షలో రాదు గానీ ప్రతి బ్యాచ్‌కూ చెబుతాడు. ఎందుకు చెబుతాడో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంటికి వెళ్లే కోరుట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఫోన్ మోగింది. మేనమామ గంగారాం. రేపు ఆదివారం పొద్దున్నే సిరిసిల్ల వెళ్లాలని, గడ్డం గీసుకుని రమ్మని, అక్కడ నోరు తెరిచి మాట్లాడమని చెప్పాడు. రేపు పద్మశాలి సంఘం హాల్లో పెద్దమనుషులు కూర్చుంటున్నారు. దేవేందర్ భార్య ఊర్మిల వానలు మొదలవుతున్నప్పుడు పుట్టింటికి వెళ్లింది, ఇప్పుడు చలి మొదలైంది. కలిసుంటారా, విడిపోతారా, రేపు తేల్చాలి. తేలకపోతే కోర్టుకే అని ఊర్మిల తరఫువాళ్లు కబురంపారు.

“ఒక్క ముక్క చెప్పు అల్లుడా. ‘నాకామె గావాలె’ అను. అంతే. మిగిలింది నేను జూసుకుంట.”

సరేనన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ మాటను లోపలే ఒకసారి అనుకుని చూశాడు. నాకామె కావాలి. బావిలో రాయి వేసి చప్పుడు కోసం చెవి పెట్టినట్టు ఎదురుచూశాడు. ఏమీ వినపడలేదు. అతని భయమల్లా ఇదే. రేపు అందరి ముందు అడిగినప్పుడు లోపల ఏమీ లేకపోతే?

ఇంట్లో ఊర్మిల కుట్టుమిషను గుడ్డ కప్పి ఉన్నట్టే ఉంది. ఆ రాత్రి పడుకుని పాఠంలాగే తన కాపురంలో మలుపు వెతికాడు. అతని లెక్కలో అది తేలికగానే దొరికింది. వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం, చనిపోయిన తండ్రి మరమగ్గాల పని మీద మళ్లీ సిరిసిల్ల వెళ్తానని ఆమె అంటే, “ఆ ఇనుప సామాను తూకానికి అమ్మేస్తే మీ పీడ పోతది, మా పీడ పోతది” అన్నాడు. కంచం ముందుకు తోసేశాడు. అన్నం నేల మీద పడింది. ఆమె ఎత్తి, నేల తుడిచి, తెల్లారి మొదటి బస్సుకు వెళ్లిపోయింది. ఇదే మలుపు. కోపంలో అన్న మాట, ఎవరైనా అంటారు. దానికి ఇంతకాలమా? ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ నిద్ర పట్టేసేది.

పొద్దున జగిత్యాలలో బస్సు మారి, వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్తుంటే గంగారాం దారిపొడుగునా మాట్లాడాడు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి. ఎదుటి సీటాయన టికెట్ కూడా ఒకసారి అలవాటుగా చూసి ఇచ్చాడు. తన మేనల్లుడికి చదువెక్కువై నోరు తక్కువైందని ఆయనకు చెప్పాడు. దేవేందర్ కిటికీలోంచి కోసేసిన వరిమళ్లు చూస్తూ కూర్చున్నాడు.

సిరిసిల్లలో దిగగానే చప్పుడు మొదలైంది. మరమగ్గాన్ని ఆ ఊళ్లో సాంచ అంటారు. ఆదివారమైనా వాడల్లో సాంచలు నడుస్తున్నాయి. వాటి దరువులోకి వెళ్తే పక్కమనిషి మాట కూడా పెదాలు చూసి పట్టుకోవాల్సిందే. దేవేందర్‌దీ నేత కులమే. కానీ తాత ఎప్పుడో మగ్గం వదిలేశాడు, తండ్రి బడిపంతులు. కొడుకు చేతికి పోగు తగలకుండా పెంచాడు. ఊర్మిల తండ్రి భూమయ్య దగ్గర మాత్రం రెండు సాంచలు ఉండేవి. వాటి మధ్య అటూ ఇటూ నడుస్తూ బతికి, కిందటి చలికాలంలో వాటి మధ్యనే గుండె ఆగి పోయాడు.

ఆయన పోయిన పదకొండో రోజు జరిగింది దేవేందర్‌కు దారిలో గుర్తొచ్చింది. ఆ వాడలో ఒక పద్ధతి ఉంది. నేసేవాడు పోతే అతని సాంచను బయటివాళ్లు ముట్టరు. దినాలు అయ్యాక ఇంటిమనిషి ఒకరు దాని మీద జానెడు గుడ్డ నేసి, కోసి, పోయినాయన భార్య ఒడిలో పెట్టాలి. అప్పుడే ఆ సాంచ మళ్లీ నలుగురిదవుతుంది. భూమయ్యకు కొడుకులు లేరు, కాబట్టి అల్లుణ్ని పిలిచారు. కుంకుమ పెట్టారు, మీట ఎక్కడుందో చూపించారు. జానెడు నడిచింది. కత్తెర ఇచ్చారు.

అచ్చు అంటే దువ్వెనలాంటి ఇనుప చట్రం. వెనకనున్న బీముకు, అంటే పెద్ద రోలుకు, చుట్టిన పోగులు వేలల్లో వచ్చి, మొదట తీగల కన్నాల్లోంచి, తర్వాత అచ్చు పళ్లలోంచి దూరి ఇవతల గుడ్డ అవుతాయి. కోసేటప్పుడు అచ్చుకు ఇవతల కోయాలి. అప్పుడు పోగుల కొసలు కన్నాల్లోనే నిలుస్తాయి. ఆ వాడలో ఆరేళ్ల పిల్లకు కూడా తెలుసు. దేవేందర్ వెనక్కి వెళ్లి, కన్నాలకు కూడా అవతల కోశాడు. అలాగైతే గుడ్డ పూర్తిగా, శుభ్రంగా వస్తుందనుకున్నాడు. కోసి ఊరుకున్నా కొసకు కొస ముడి వేసుకునేవారేమో, గుడ్డ పట్టుకుని ముందుకు లాగాడు. కొసలన్నీ కన్నాల్లోంచి, పళ్లలోంచి సర్రుమని జారి వచ్చేశాయి. గుడ్డకు జుట్టులా వేలాడుతున్న పోగులతో దాన్ని అత్తగారు సత్తవ్వ ఒడిలో పెట్టాడు. ఆమె కళ్లకద్దుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. అల్లుణ్ని ఎవరంటారు? ఊర్మిల వెనక్కి వెళ్లి, బీము నుంచి వేలాడుతున్న పోగుల్ని గుప్పెళ్లు గుప్పెళ్లుగా ముడి వేసుకుంటూ కూర్చుంది. పెద్దాయన కిష్టయ్య మాత్రం బయటికొచ్చాక మెల్లగా అన్నాడు, ఇంటి చెయ్యి కోసింది కాబట్టి ఇంటి చెయ్యే పోగుల్ని మళ్లీ కన్నాల్లోకి ఎక్కించాలని. దేవేందర్ అప్పుడు బస్సు టైము చూసుకుంటున్నాడు.

సంఘం హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. కిష్టయ్య మధ్యలో కూర్చున్నాడు. ఒక పక్క సత్తవ్వ, ఊర్మిల. ఊర్మిల సన్నబడింది. జుట్టులో దూది నలుసులున్నాయి. పక్కవాళ్ల షెడ్డులో నూలు కండెలు చుట్టే పనికి పోతోందని గంగారాం దారిలో చెప్పాడు. ఆమె దేవేందర్ వైపు చూసింది, తెలిసినవాళ్లను చూసినట్టే చూసింది.

కంచం సంగతి ముందు గంగారామే ఎత్తాడు. దాన్ని కోపంగా, తర్వాత పనిభారంగా, చివరికి ప్రేమగా మార్చి చెప్పాడు. పెద్దమనుషులు తలలూపారు. మగాడికి కోపం సహజమని ఒకాయన అంటే, ఆయన భార్యను అడిగి వద్దామా అని ఇంకొకాయన అన్నాడు. నవ్వులయ్యాక కిష్టయ్య దేవేందర్ వైపు తిరిగాడు.

“నువ్వు జెప్పు. ఏం గావాలె నీకు?”

గంగారాం మోకాలితో పొడిచాడు. దేవేందర్ నోరు తెరిచాడు. జరిగిందేదో జరిగింది, ఇద్దరం సర్దుకుంటే మంచిదని నా అభిప్రాయం, అన్నాడు. క్లాసులో చివరి వాక్యం చెప్పే గొంతు అది. అతనికే వినబడింది.

ఊర్మిల మొదటిసారి మాట్లాడింది. “కంచం ముచ్చట నేనెవలకు జెప్పలే. దానికి నేనిక్కడికి రాలే.”

“మరి?” అన్నాడు కిష్టయ్య.

ఆమె దేవేందర్‌ను అడిగింది. “ఎండలు మొదలైనప్పుడు నీకు ఫోన్ జేసిన. ఏమన్నవో యాదికున్నదా?”

అతను వెతికాడు. ఎండలు. ఫోన్. ఏమీ లేదు.

“అమ్మకు కండ్లల్ల పొర. పోగు కనవడది. నేనొక్కదాన్ని ఎక్కియ్యలేను, వెనకనుంచి ఒకలు అందియ్యాలె. బయటోళ్లు ముట్టరు. ఒక్కరోజు రమ్మన్న. నువ్వు, ‘క్లాసున్నది, ఎవలనన్న మనిషిని పెట్టుకో, పైసలు నేనిస్త’ అన్నవు.” ఆమె గొంతు పెంచలేదు. “నువ్వు అవతల కోసినందుకు నాకేం కోపం రాలే. నీకెట్ల ఎరుక? గా మాటకు గూడ కోపం రాలే. ఫోన్ పెట్టేసినంక ఏం అనిపియ్యలే నాకు. అదే.”

అప్పుడు గుర్తొచ్చింది. మెట్ల మీద నిలబడి మాట్లాడాడు. లోపల బోర్డు మీద సగం రాసిన పటం ఉంది. వోల్గా నది, రెండు పక్కల నుంచి బాణాలు. ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లి బాణాలు కలిపాడు.

“అటెంక వచ్చినవు గద,” అన్నాడు. “ఉగాదికి వచ్చినవు. వానలదాక మంచిగనే ఉన్నం. నవ్వినవు గూడ.”

“ఉన్న. వండిన, పెట్టిన, నవ్విన. అప్పటికే అయిపోయింది.”

మానస లేచి నిలబడి అడిగినట్టే ఉంది అతనికి, లోపలున్నోళ్లకు ఎప్పుడు ఎరుకైంది సార్ అని. దానికి తను చెప్పిన సమాధానం కూడా వినబడింది. ఇన్నాళ్లూ తను చుట్టుముట్టినవాడా, లోపల చిక్కినవాడా అన్నది తేలలేదు. బహుశా ఇద్దరూ లోపలే ఉన్నారు, వేర్వేరు వీధుల్లో.

విడుపే కావాలని ఊర్మిల అంది. కిష్టయ్య మాత్రం, అన్నాలు తిని వచ్చి మాట్లాడుకుందాం, ఆకలి మీద తెంపిన మాట మంచిది కాదన్నాడు. అందరూ లేచారు. పక్కగదిలోంచి బగారా అన్నం వాసన వస్తోంది. గంగారాం విస్తరి ముందు చోటు పట్టుకుని పిలుస్తుంటే దేవేందర్ చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. ఎక్కడికి వెళ్తున్నాడో వాడ మలుపు దాకా తనకే తెలియలేదు.

సత్తవ్వ అప్పటికే ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. అడుగుల చప్పుడును బట్టి గుర్తుపట్టింది.

“తినలేదా అల్లుడా?”

“తర్వాత తింట అత్తమ్మా. షెడ్డు తాళం?”

ఆమె కొంగుకు కట్టుకున్న తాళంచెవి విప్పి ఇచ్చింది.

షెడ్డులో ఒక సాంచ మీద గోనెసంచులు కప్పి ఉన్నాయి. రెండోది భూమయ్య ఆఖరున నిలబడ్డది. వెనక బీము మీద నుంచి పోగుల గుప్పెళ్లు ఊర్మిల వేసిన ముడులతో అలాగే వేలాడుతున్నాయి. ముడుల మీద దుమ్ము పట్టకుండా పాత చీరె ముక్క కప్పి ఉంది. ఆ ముక్క ఉతికి కప్పినట్టుంది. అతను వెనక పీట వేసుకుని కూర్చుని మొదటి ముడి విప్పాడు. పోగులు వేళ్ల మీద పడ్డాయి. మెత్తగా ఉన్నాయా, గరుకుగా ఉన్నాయా చెప్పలేకపోయాడు. ఒక పోగును వేరు చేయడానికే చాలాసేపు పట్టింది. వేరు చేశాక దాన్ని ఏ కన్నం దగ్గర పట్టుకోవాలో తెలియలేదు. పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

గుమ్మంలో నీడ కనిపించింది. ఊర్మిల ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో.

“ఇది చేసినంత మాత్రాన నేను రాను,” అంది.

“ఎరుకే.”

“ఊకె చెప్తున్న.”

ఆమె ముందువైపుకు వెళ్లి, గోడకు వేలాడుతున్న సన్నటి ఇనుప కొక్కెం తీసుకుని కూర్చుంది. ఇద్దరి మధ్యా అచ్చు, దాని వెనక వరుసగా తీగల కన్నాలు. వాటి సందుల్లోంచి ఆమె ముఖం గీతలు గీతలుగా కనిపించింది. అచ్చు పళ్లలోంచి, ఒక కన్నంలోంచి కొక్కెం ఇవతలకు వచ్చింది. దానికి తగిలించాలని అతనికి అర్థమైంది. తగిలించాడు. కొక్కెం వెనక్కి పోయింది, పోగు దానితో పోయింది. మళ్లీ కొక్కెం వచ్చింది.

రెండుసార్లు తప్పు పోగు అందించాడు. ఆమె రెండుసార్లూ వెనక్కి తోసేసింది. “వరుస తప్పకు. పక్కదే ఇయ్యాలె,” అంది. పక్క షెడ్లలో సాంచలు దరువేస్తున్నాయి. గంగారాం వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, చేతిలోని మిఠాయి ముక్క నోట్లో వేసుకుని, సత్తవ్వ పక్కన అరుగు మీద కూర్చున్నాడు. హాల్లో పెద్దమనుషులు ఎదురుచూస్తున్నారని చెప్పడానికే వచ్చాడేమో.

పొద్దు వాలేసరికి ఒక గుప్పెడు పూర్తయింది. ఇంకా ఎన్నో వేలాడుతున్నాయి. సన్నటి పోగులు ఒకే చోట ఒరుసుకుని అతని చూపుడు వేలు ఎర్రగా చీరుకుపోయింది. చాలాసేపు తెలియలేదు. తర్వాత ఒక పోగు తగిలించి ఇంకా వదలకముందే అవతల నుంచి ఆమె లాగింది. వేలి కోత మీదుగా పోగు ఒరుసుకుంటూ పోయింది. మంట భుజం దాకా పాకింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆమె గమనించింది. కొక్కెం ఆపింది.

“తెగిందా?”

“ఊఁ.”

“మండుతున్నదా?”

“మండుతున్నది,” అన్నాడు. తన గొంతు తనకు చాలా దగ్గరగా వినిపించింది.

ఆమె కొంగు అంచు చింపి అచ్చు పక్కనుంచి ఇవతలకు అందించింది. అతను చుట్టుకున్నాడు. బయట గంగారాం గట్టిగా పిలిచాడు, చీకటి పడితే జగిత్యాల బస్సు దొరకదు, పెద్దాయన కూడా ఇంటికి పోతున్నాడు, తేల్చేదేందో వచ్చే వారం తేలుస్తాడట అని.

“పో మరి,” అంది ఊర్మిల. “రేపు క్లాసున్నది గద నీకు.”

“ఉన్నది.” రేపు యుద్ధం ముగింపు చెప్పాలి. బెర్లిన్, తర్వాత హిరోషిమా. ఆ పాఠం వాళ్లకు పుస్తకంలోనే ఉంది. “పోను. క్లాసుకు రానని ఫోన్ జేస్త.”

ఆమె కొక్కెం కింద పెట్టింది. లేచి వెళ్లి లైటు వేసింది. తిరిగొచ్చి కూర్చుంది. అచ్చు పళ్లలోంచి కొక్కెం మళ్లీ ఇవతలకు వచ్చి ఆగింది. అతను రెండో ముడి విప్పుతున్నాడు. గుడ్డ చుట్టిన వేలితో పోగు దొరకడం లేదు. కొక్కెం ఆగే ఉంది.